పియానో పోటీలో సొంత పీస్ వాయిస్తే మార్కులు పోతాయా?

అమలాపురం_నాన్న
మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచీ పియానో నేర్చుకుంటున్నాడు, పియానో పరీక్షల్లో ఏడో గ్రేడ్ అయింది. వచ్చే నెల రాజమండ్రిలో ఒక పోటీకి పేరిచ్చాం. మొదటి రౌండుకి వాళ్లిచ్చిన జాబితాలోంచి ఒక పీస్. రెండో రౌండు "స్వేచ్ఛా ఎంపిక, ఏడు నిమిషాలకు మించరాదు" అని ఉంది. చిక్కంతా ఇక్కడే. వాడు సొంతంగా ఒకటి కట్టాడు. పేరు "పంటు". సఖినేటిపల్లి రేవులో పంటు (జనాన్నీ బళ్లనీ గోదావరి దాటించే ఇంజను పడవ) ఎక్కి నరసాపురం వెళ్తుంటే ఇంజను మోత వినిపిస్తుంది చూశారూ, అది ఎడమ చేతిలో మొదలవుతుంది. దాని మీద కుడి చేతిలో మోహన రాగం. రెండున్నర నిమిషాలు ఉంటుంది. అదే వాయిస్తానని పట్టు పట్టాడు. మాస్టారేమో షోపాన్ అనే పాతకాలపు పెద్ద కంపోజర్ రాసిన వాల్ట్జ్ (నృత్యపు లయలో సాగే పీస్) వాయించమంటున్నారు. పోటీ అనేది నీ పాట వినిపించుకునే చోటు కాదు అన్నారట. అప్పటినుంచి ఇంట్లో అన్నం దగ్గర కూడా ఇదే గొడవ. కొబ్బరి రేటు అడిగితే చెప్తాను గానీ ఇందులో ఎవరి పక్షం మాట్లాడాలో నాకు తెలియడం లేదు. మీలో ఎవరైనా పోటీలో సొంతది వాయించారా?

కొవ్వూరు_కుర్రాడు
వాయించనివ్వండి అంకుల్. పొద్దున్నుంచీ అవే షోపాన్ వాల్ట్జులు వినీ వినీ జడ్జీలు కూడా కునుకు తీస్తుంటారు. పంటు ఇంజను మోత వస్తే ఉలిక్కిపడి లేస్తారు.

సి_షార్ప్_సీత
మాస్టారు చెప్పిందే కరెక్టు. కాకినాడలో పిల్లలకి నేర్పుతాను కాబట్టి చెప్తున్నా. సొంతంగా రాసుకునేవాళ్లు తమ చేతికి వచ్చిందే రాసుకుంటారు. నాలుగో వేలు బలహీనంగా ఉన్న పిల్లాడి పీస్‌లో ఆ వేలికి పని పెట్టే వరసే ఉండదు. ఎడమ చేయి చురుగ్గా లేకపోతే అది మొదటి నుంచి చివరిదాకా ఒకటే కొట్టుకుంటూ పోతుంది (ఇంజను అని పేరు పెట్టొచ్చు, కోపం తెచ్చుకోకండి). షోపాన్‌కి మన వేళ్లతో మొహమాటం లేదు. రానిచోటే పట్టుకుంటాడు. పోటీలో చూసేది అదే.

భీమవరం_బేస్
ఈ వాదన తర్వాత పెట్టుకోవచ్చు. ముందు నిబంధనల కాగితం మళ్లీ చదవండి. కొన్ని పోటీల్లో "ప్రచురితమైన రచనలు మాత్రమే" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్నిచోట్ల స్కోరు (పీస్‌ని స్వరలిపిలో రాసిన కాగితం) కాపీలు ముందే జడ్జీలకి ఇవ్వాలంటారు. అది లేకుండా స్టేజీ ఎక్కితే వాయించకముందే అవుట్.

అమలాపురం_నాన్న
చూశానండి. ప్రచురితం అన్న మాట లేదు. "స్కోరు రెండు కాపీలు సమర్పించవలెను" అని మాత్రం ఉంది. మావాడు స్కోరు రాసుకోలేదు, అంతా చేతుల్లోనే ఉంది.

నోటేషన్_నారాయణ
అయితే రేపే రాయించండి. 1914లో రష్యా కంపోజర్ ప్రొకోఫియెవ్ చేసింది ఇదే. సెయింట్ పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీలో (అంటే సంగీత కళాశాలలో) చదువు పూర్తిచేస్తూ రూబిన్‌స్టీన్ బహుమతికి పోటీ పడ్డాడు. క్లాసికల్ కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన) ఏదైనా వాయించాల్సిన చోట తన మొదటి పియానో కన్సర్టో వాయిస్తానన్నాడు. అలాగైతే జడ్జీలందరి చేతుల్లో అచ్చయిన స్కోరు ఉండాలన్నారు. పబ్లిషర్‌ని పట్టుకుని ఇరవై కాపీలు వేయించుకొచ్చాడు. హాల్లోకి అడుగుపెట్టేసరికి ఒక్కో జడ్జీ ఒళ్లో ఒక్కో పుస్తకం! గెలిచాడు. జడ్జీల అధ్యక్షుడు గ్లాజునోవ్‌కి ఆ నిర్ణయం సుతరామూ నచ్చలేదు, అయినా ఆ పేరు ఆయనే చదవాల్సి వచ్చింది. బహుమతిగా పియానో ఇచ్చారు.

కొవ్వూరు_కుర్రాడు
రాజమండ్రిలో బహుమతి షీల్డు, శాలువా అయ్యుంటుంది. అయినా పర్లేదు.

సి_షార్ప్_సీత
నారాయణ గారూ, గెలిచినవాడి కథ చెప్పారు, బాగుంది. 1905 పారిస్ సంగతి కూడా చెప్పండి మరి. అదే రూబిన్‌స్టీన్ పేరు మీద జరిగిన పోటీకి హంగేరీ కుర్రాడు బార్తోక్ పియానో విభాగానికీ, రచనా విభాగానికీ రెండింటికీ వెళ్లాడు. పియానోలో మొదటి బహుమతి బాక్‌హౌస్ అనే ఇంకో పియానిస్టుకి పోయింది. రచనలో మొదటి బహుమతి అసలు ఎవరికీ ఇవ్వలేదు. ఆ కాలంలో కూడా వాయించడానికి ఒక విభాగం, రాయడానికి ఒక విభాగం అని వేరుగా పెట్టారని గమనించండి. రెండూ కలిపి ఒకే కుర్చీలో కూర్చోబెట్టలేదు.

నోటేషన్_నారాయణ
ఆ ఓడిపోయినవాడు తర్వాత ఏమయ్యాడో కూడా చెప్పండి మేడం.

సి_షార్ప్_సీత
ప్రపంచమంతా వినే కంపోజర్ బార్తోక్ అయ్యాడు. ఆ పోటీ వల్ల కాదు.

రాజోలు_రాగం
నా కేసు చెప్తా. డిగ్రీలో ఉండగా ఒక యువజనోత్సవంలో కీబోర్డు మీద సొంతది వాయించాను. మూడో స్థానం. జడ్జీ గారు షీటు మీద ఒకే ఒక్క లైను రాశారు: "సినిమా రీరికార్డింగ్‌లా ఉంది".

కొవ్వూరు_కుర్రాడు
అది తిట్టా పొగడ్తా?

రాజోలు_రాగం
ఇప్పటికీ తేల్చుకోలేదు. మా అమ్మ మాత్రం పొగడ్తే అని ఊరంతా చెప్పింది.

తంబురా_తాతయ్య
మీ పియానో సంగతి నాకు అంతగా తెలియదు. మా వైపు నుంచి ఒక మాట. కర్ణాటక సంగీతం పోటీలో కుర్రాడొచ్చి తాను రాసిన కృతి పాడతానంటే మేమూ వద్దంటాం. త్యాగరాజ కృతే పాడమంటాం. కానీ ఆ కృతిలో అప్పటికప్పుడు అల్లే నెరవు, కల్పనస్వరం అతనివే. అక్కడ ఎవరిదో పాఠం ఒప్పజెప్పినట్టు పాడితే మార్కులు పడవు. కట్టడం పెద్దలది, మనోధర్మం నీది. మీ పద్ధతిలో ఆ రెండో భాగం లేదు కాబట్టే ఈ పేచీ వచ్చినట్టుంది.

నోటేషన్_నారాయణ
ఉండేది తాతయ్య గారూ. మొత్సార్ట్, బీతోవెన్ కాలంలో కన్సర్టోలో ఒకచోట ఆర్కెస్ట్రా ఆగిపోతుంది, పియానో ఒక్కటే సొంతంగా అల్లుకుపోతుంది. దాన్ని కెడెంజా అంటారు. మొత్సార్ట్ డి మైనర్ కన్సర్టోకి ఆయన కెడెంజా మనకి దొరకలేదు, అందుకని బీతోవెన్ రాసినదాన్నే ఎక్కువమంది వాయిస్తారు. ఇప్పటికీ కొందరు తామే రాసుకుని వాయిస్తారు, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. మీ కల్పనస్వరానికి దగ్గరి చుట్టమే.

భీమవరం_బేస్
శంకరగుప్తం వాళ్లెవరూ లేరా ఇక్కడ? బాలమురళీకృష్ణ గారిది ఆ ఊరే. చిన్న వయసులోనే 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టారు. కచేరీల్లో సొంత తిల్లానాలు పాడేవారు. కోనసీమలో పుట్టి సొంతది వాయించొద్దంటే ఎలా?

తంబురా_తాతయ్య
కచేరీకీ పోటీకీ తేడా ఉంది బాబూ. కచేరీకి జనం ఆయన కోసం వస్తారు.

జడ్జీ_కుర్చీ
చిన్నాచితకా పోటీలకి న్యాయనిర్ణేతగా వెళ్తుంటాను. అటువైపు కుర్చీలో ఏం జరుగుతుందో చెప్తా.

షోపాన్ వాల్ట్జ్ వాయిస్తే అది ఎలా ఉండాలో నా చెవిలో ముందే ఉంటుంది. పిల్లాడు ఎక్కడ తొందరపడ్డాడో, ఏ స్వరం మింగేశాడో, ఎక్కడ పెడల్ (స్వరం ఆగకుండా మోగడానికి కాలితో తొక్కేది) అతిగా తొక్కాడో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. 2019లో అమెరికా టీవీ పోటీలో మన చెన్నై కుర్రాడు లిడియన్ నాదస్వరం రిమ్‌స్కీ కోర్సకోవ్ తుమ్మెద పీస్‌ని నిమిషానికి 208 బీట్ల వేగంతో వాయించి, వెంటనే 325తో వాయించాడు. ఆ పీస్ అందరికీ తెలుసు కాబట్టే హాలు మొత్తం లేచి నిలబడింది. ఎవరూ వినని సొంత పీస్ అంతే వేగంతో వాయించి ఉంటే అది కష్టమో కాదో చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

సొంత పీస్ వస్తే నా చెవి ఖాళీగా ఉంటుంది. అబ్బాయి మధ్యలో మర్చిపోయి నాలుగు బార్లు (తాళం ఆవర్తనాల్లాంటివి) అల్లేశాడా, అలాగే రాసుకున్నాడా? స్కోరు చేతిలో లేకపోతే చెప్పలేను. అందుకని ఏం చేస్తానంటే మధ్యస్థంగా మార్కులేసి ఊరుకుంటాను. శిక్షించాలని కాదు. పెన్ను ఎటూ కదలదు. పక్క జడ్జీకి తెగ నచ్చి ఎక్కువ వేస్తే సగటు బాగుంటుంది, ఆయనకీ నచ్చకపోతే అంతే సంగతులు. పేరున్న పీస్‌తో మార్కులు ఇద్దరికీ దగ్గర దగ్గరగా పడతాయి.

పెద్ద పోటీలవాళ్లకీ కొత్తది వినాలనే ఉంటుంది. 2022లో అమెరికాలో జరిగిన వాన్ క్లైబర్న్ పియానో పోటీలో జ్యూరీ సభ్యుడు స్టీఫెన్ హఫ్ కొత్తగా రాసిన పీస్‌ని పోటీదారులందరూ వాయించారు. బెల్జియంలో క్వీన్ ఎలిజబెత్ పోటీ ఫైనల్‌కి వెళ్లినవాళ్లని వారం పాటు బయటివాళ్లతో సంబంధం లేకుండా ఉంచి, ఎప్పుడూ చూడని కొత్త కన్సర్టో చేతిలో పెడతారు. కొత్తదే, కానీ అందరికీ ఒకటే కొత్తది. అప్పుడే కొలవగలం.

కొవ్వూరు_కుర్రాడు
వారం రోజులు ఫోన్ లేకుండానా? నేనైతే బహుమతి వాళ్లకే ఇచ్చేసి వచ్చేస్తాను.

పాలకొల్లు_పద్మ
జడ్జీ గారూ, మీరు నిజాయితీగా చెప్పారు గానీ నాకు ఒళ్లు మండింది. పోలిక లేదు కాబట్టి మధ్యస్థం మార్కులంటే ఇక పిల్లలు కొత్తది ఎందుకు కడతారు? మా అమ్మాయి ట్రినిటీ గ్రేడ్ పరీక్షలో ఒక పీస్ స్థానంలో తను రాసుకున్నది వాయించింది. వాళ్లు దానికి పద్ధతి పెట్టారు. ఏ గ్రేడ్‌కి ఎంత నిడివి ఉండాలి, ఎలాంటి అంశాలు ఉండాలి అని సిలబస్‌లోనే ఉంది, స్కోరు కాపీ ఇవ్వాలి. లండన్ పరీక్షవాళ్లు కొలవగలిగినప్పుడు మనవాళ్లు ఎందుకు కొలవలేరు?

జడ్జీ_కుర్చీ
పరీక్షలో మీ అమ్మాయిని ఒక గీత పక్కన పెట్టి కొలుస్తారమ్మా. పోటీలో పక్క పిల్లాడి పక్కన పెట్టి కొలుస్తాం. అక్కడే వస్తుంది ఇబ్బంది. నిర్వాహకులు అలాంటి గీత గీసి ఇస్తే నాకూ హాయే.

చర్చి_కీబోర్డు
మీరంతా జడ్జీల గురించి మాట్లాడుతున్నారు, నేను కరెంటు గురించి మాట్లాడతా. నరసాపురం వైపు క్రిస్మస్ పోటీలకి ఏటా వాయిస్తాను. ఒకసారి ఒక అబ్బాయి డిజిటల్ పియానో మీద సొంత పీస్ మొదలెట్టాడు, మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ వేసేసరికి వాడి కాలు ఇంకా పెడల్ మీదే ఉంది. స్విచ్ ఆన్ అయ్యే క్షణంలో పెడల్ తొక్కి ఉంటే చాలా కీబోర్డులు దాన్నే మామూలు స్థితి అనుకుంటాయి. అంటే అప్పట్నుంచి తొక్కితే శబ్దం ఆగుతుంది, వదిలితే మోగుతూనే ఉంటుంది. పాపం వాడు కంగారులో ఇంకా గట్టిగా తొక్కుతున్నాడు. పీస్ మొత్తం గంజి అయిపోయింది. ఒక జడ్జీ మాత్రం "ఆధునికంగా ఉంది" అని మెచ్చుకున్నాడు. తెలిసిన పీస్ అయ్యుంటే ఏదో తేడా జరిగిందని అందరికీ అర్థమయ్యేది, మళ్లీ మొదలెట్టమనేవారు.

రాజోలు_రాగం
హహహ. నా జడ్జీ కూడా ఆయనే అయ్యుంటాడు.

పంటు_డ్రైవర్
నేనే ఆ అబ్బాయిని. నాన్న ఈ లింకు పంపాడు. సీత మేడం, ఎడమ చేయి ఒకటే కొట్టుకుంటూ పోదండి. మొదట ఐదు స్వరాల వరస, పంటు నది మధ్యకి వచ్చేసరికి అదే వరస కుడి చేతికి వెళ్తుంది, మోహనం ఎడమ చేతికి వస్తుంది. తర్వాత చేతులు ఒకదాని మీంచి ఒకటి దాటాలి. అది నాకు ఇప్పటికీ పదిసార్లలో మూడుసార్లు తప్పుతుంది. నా చేతికి వచ్చిందే రాసుకున్నానంటే ఒప్పుకోను.

సి_షార్ప్_సీత
సరే, ఆ మాట వెనక్కి తీసుకోను గానీ నీ విషయంలో కొంచెం తగ్గిస్తాను. ఏ స్కేలు మీద రాశావు?

పంటు_డ్రైవర్
అన్నీ నల్ల మెట్లే మేడం.

సి_షార్ప్_సీత
అనుకున్నాను. నల్ల మెట్ల మీద ఎక్కడ చేయి వేసినా మోహనమే పలుకుతుంది, తప్పు స్వరం పడే అవకాశమే లేదు. కూర్చున్నవాళ్లకి ఆ సంగతి తెలుసు.

నోటేషన్_నారాయణ
షోపాన్‌కీ తెలుసు. ఆయన ఓపస్ 10 (పదో నంబరు రచనల సంపుటి)లో ఐదో ఎట్యూడ్ (వేళ్ల సాధన కోసం రాసిన పీస్) తీయండి. కుడి చేయి మొదటి నుంచి చివరిదాకా నల్ల మెట్ల మీదే, ఒకే ఒక్క స్వరం తప్ప. ఆ ఐదు స్వరాలూ మన మోహనం స్వరాలే. రాగం అనను, తాతయ్య గారు తిడతారు. సరిగ్గా వాయిస్తే రెండు నిమిషాల లోపే అయిపోతుంది. ముందు అది వాయించి వెంటనే "పంటు" వాయిస్తే జడ్జీ చెవి ఖాళీగా ఉండదు. అదే నల్ల మెట్ల మీద షోపాన్ ఏం చేశాడో, వీడేం చేశాడో పక్కపక్కనే వింటారు. మాస్టారికి షోపాన్ దక్కుతుంది, అబ్బాయికి పంటు దక్కుతుంది.

తంబురా_తాతయ్య
గమకం లేకుండా మోహనం ఏమిటి నాయనా, స్వరాలు అన్నావు కాబట్టి సరిపోయింది.

జడ్జీ_కుర్చీ
నారాయణ గారి ఆలోచన నాకు బాగా నచ్చింది. అలా వస్తే నా పెన్ను కచ్చితంగా కదులుతుంది.

సి_షార్ప్_సీత
ఆలోచన బాగుంది, కానీ ఏడో గ్రేడ్ పిల్లాడికి ఆ ఎట్యూడ్ నెల రోజుల్లో రాదు. ఎనిమిది దాటి డిప్లొమాకి కూర్చునేవాళ్లే చెమటలు కక్కుతారు. మణికట్టు బిగుసుకుపోతే నొప్పి తెచ్చుకుంటాడు. దానికంటే నేను వెక్కిరించిన ఆ బార్తోక్‌నే తీసుకోండి. 1915లో రాసిన రొమేనియన్ జానపద నృత్యాలు ఆరు ఉన్నాయి, అన్నీ చిన్నవి. ఊళ్లు తిరిగి ఫోనోగ్రాఫ్ మీద రికార్డు చేసుకొచ్చిన పల్లె వరసల్ని పియానో మీదకి తెచ్చాడు. పంటు మోతని పియానో మీదకి తెచ్చిన పిల్లాడికి అంతకంటే మంచి జోడీ ఏముంటుంది? ఏడో గ్రేడ్ చేతికి అందుతాయి. రెండు మూడు నృత్యాలు ఎంచుకుంటే టైం సరిపోతుంది.

పాలకొల్లు_పద్మ
మేడం పార్టీ మారారు!

సి_షార్ప్_సీత
మారలేదు. ఒక్క సొంత పీస్‌తో వెళ్లొద్దనే ఇప్పటికీ నా మాట.

భీమవరం_బేస్
ఇంకో సంగతి. ఈ పోటీల్ని ఈమధ్య యూట్యూబులో లైవ్ పెడుతున్నారు. దరఖాస్తు ఫారంలో "ప్రదర్శించిన రచనలపై హక్కులు నిర్వాహకులవి" లాంటి లైను ఉందేమో చూసుకోండి. మన చట్టంలో రచన మీద మొదటి హక్కు కట్టినవాడిదే, రిజిస్టర్ చేయించకపోయినా ఉంటుంది, అతని తర్వాత ఇంకో 60 ఏళ్లు నడుస్తుంది. చూసుకోకుండా సంతకం పెట్టి ఎవరికో రాసివ్వకండి. మైనర్ కాబట్టి సంతకం మీదే అవుతుంది.

రాజోలు_రాగం
అలాగే సినిమా పాట వరస ఎక్కడైనా దూరిందేమో చెవి పెట్టి వినండి. తెలియకుండానే వచ్చేస్తుంది. జడ్జీ తల ఊపుతూ కూనిరాగం తీశాడంటే మెచ్చుకుంటున్నట్టు కాదు, పట్టుకున్నట్టు.

అమలాపురం_నాన్న
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఈ చర్చ మొత్తం మాస్టారికి చదివి వినిపించాను. బార్తోక్ మాట దగ్గర కాస్త మెత్తబడ్డారు. మూడు నృత్యాలు, తర్వాత "పంటు", మొత్తం ఆరు నిమిషాల్లోపు ఉండేలా చూసుకుందామన్నారు. అయితే చేతులు దాటే చోట పదికి పదిసార్లూ వస్తేనే స్టేజీ ఎక్కనిస్తానని షరతు పెట్టారు. రాకపోతే వాల్ట్జే. నిర్వాహకులకి ఫోన్ చేస్తే సొంత రచన పర్వాలేదు, స్కోరు మాత్రం ఉండాలన్నారు.

భీమవరం_బేస్
ఫోన్‌లో చెప్పింది వాట్సాప్‌లో కూడా రాయించుకోండి. ఆ రోజు కుర్చీలో ఇంకొకరు ఉంటారు.

పంటు_డ్రైవర్
మ్యూజ్‌స్కోర్ అనే స్వరలిపి రాసే సాఫ్ట్‌వేర్‌లో రాస్తున్నాను. ఉచితంగానే దొరికింది. ఒక పేజీ అయింది. వాయించేది రాయడం ఇంత కష్టమని తెలియదు. ఇంజను మోత ఒక్కో రోజు ఒక్కోలా వాయిస్తున్నానని రాస్తుంటే తెలిసింది.

నోటేషన్_నారాయణ
అదే జడ్జీ గారు అడిగింది. ఒకటి ఖాయం చేసుకుని రాయి, పోటీ రోజు అదే వాయించు. ఇంకోటి, జిరాక్స్ షాపులో కాగితానికి ఒకవైపే వేయమని గట్టిగా చెప్పు. వాళ్లు కాగితం ఆదా అని రెండువైపులా వేసేస్తారు. చేతులు దాటే చోట పేజీ తిప్పాల్సి వస్తే జడ్జీ అక్కడే తప్పిపోతాడు. కాగితాలు పక్కపక్కన అంటించి మడత పెట్టి ఇవ్వు.

చర్చి_కీబోర్డు
పెడల్ కింద రబ్బరు మ్యాట్ వేసుకో తమ్ముడూ. కల్యాణమండపాల్లో టైల్స్ మీద పెడల్ జారి ముందుకి పోతుంది, కాలు దాని వెంట పోతుంది. కరెంటు పోతే ముందు కాలు తీసెయ్.

అమలాపురం_నాన్న
ఏడు నిమిషాల్లో స్టూలు సర్దుకునే టైం కూడా లెక్కేస్తారా అని అడిగానండి. మొదటి స్వరం నుంచే లెక్క అన్నారు.

కొవ్వూరు_కుర్రాడు
అయితే మ్యాట్ వేసుకోడానికీ, దణ్ణం పెట్టుకోడానికీ కావలసినంత టైం ఉంది. తేదీ చెప్పండి అంకుల్, బ్రిడ్జి దాటితే రాజమండ్రే కదా, వచ్చి వెనక వరసలో కూర్చుంటా.

పంటు_డ్రైవర్
వస్తే ఈల వేయకు అన్నా. టెన్షన్‌లో అది కూడా పీస్‌లో భాగమే అనుకుంటారు.